కోరింగ మడ అడవికి వెళ్తున్నారా? ముందు తిథి చూసుకోండి

మొదటిసారి కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవికి వెళ్లినప్పుడు నాకేమీ కనపడలేదు. కార్తీక మాసం, పౌర్ణమి నాడే ఆదివారం కూడా కలిసొచ్చింది. పిల్లల్ని తీసుకుని ఉదయం తొమ్మిదిన్నరకల్లా గేటు దగ్గరున్నాం. చెక్క వంతెన మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాం. రెండు పక్కలా టీ రంగు నీళ్లు, నీళ్ల మీద ఆకులు, జనం అరుపులు. "నాన్నా, జంతువులేవి?" అని మా చిన్నాడు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బయట కొబ్బరి బొండాలు తాగి వెనక్కొచ్చేశాం.

ఆ రోజు బొండాలు కొట్టిన ముసలాయనే ఒక మాట అన్నాడు: "పోటు మీదొచ్చారు బాబూ. నీళ్లు లాగేశాక రావాలి." అప్పుడు సరిగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది ఆయన చెప్పినట్టే వెళ్తే అదే వంతెన కింద వేరే ఊరు కనిపించింది. అంతా బురద, బురదంతా కదలిక. అప్పటి నుంచి కోరింగ వెళ్దామని ఎవరన్నా అడిగితే ఏ రోజు అని కాదు, ఏ తిథి అని అడుగుతున్నాను.

ముందు ఒక విషయం. మడ అడవి అంటే సముద్రపు నీళ్లు వచ్చిపోయే బురదలో పెరిగే అడవి. తలకోన లాగా, మారేడుమిల్లి లాగా కొండలెక్కి దిగే అడవి కాదు. చెమటలు కక్కే ట్రెక్కింగ్ కావాలంటే మారేడుమిల్లి వైపు వెళ్లండి. ఇక్కడ నడక తక్కువ, నిలబడి చూడటం ఎక్కువ. నిలబడే ఓపిక ఉంటేనే రండి.

ఏ రోజు వెళ్లాలి?

మన తూర్పు తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. పొంగితే పోటు, తీస్తే ఆటు. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. చంద్రుడు రోజూ ఆలస్యంగా వస్తాడు కాబట్టి ఇవి కూడా రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటాయి. అందుకే తిథి తెలిస్తే పోటు వేళ సుమారుగా చెప్పేయొచ్చు. తీరంలో పెద్దవాళ్లు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేస్తారు.

కాకినాడ వైపు లెక్క దాదాపు ఇలా ఉంటుంది. అమావాస్య, పౌర్ణములకు పోటు ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య నిండుతుంది. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య నీళ్లు పూర్తిగా తీస్తాయి. అంటే నేను మొదటిసారి సరిగ్గా నిండు పోటు మీద వెళ్లి, బురద బయటపడకముందే బొండాం తాగి తిరిగొచ్చానన్నమాట. విదియ, తదియ నాటికి ఆటు సాయంత్రం నాలుగు, అయిదు అవుతుంది. ఫొటోలు తీసేవాళ్లకి ఈ రోజులు బాగుంటాయి, వెలుగు పల్చగా, వాలుగా పడుతుంది. దశమి, ఏకాదశి, ద్వాదశుల్లో ఆటు ఉదయం పది, పన్నెండు మధ్య వస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా ఓటు వీటికే. మధ్యాహ్నం భోజనానికి కాకినాడ చేరిపోవచ్చు.

వద్దనుకోవాల్సింది చవితి నుంచి సప్తమి దాకా. అప్పుడు గేటు తెరిచి ఉండే వేళల్లోనే, మిట్టమధ్యాహ్నం అటూ ఇటూగా పోటు నిండుతుంది. అష్టమి నాడు పోటుకీ ఆటుకీ తేడానే తక్కువ. నీళ్లు పెద్దగా పొంగవు, పెద్దగా తీయవు. సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలో ఉన్నప్పుడు ఇద్దరి లాగుడూ కలిసి నీటిని బాగా కదిలిస్తుంది, అడ్డంగా ఉన్నప్పుడు ఒకరి బలం ఒకరికి సాయం కాదు. అందుకే అమావాస్య, పౌర్ణములు దాటిన ఒకటి రెండు రోజులకి పోట్లు బాగా పెద్దగా ఉంటాయి, బురద కూడా బాగా బయటపడుతుంది.

తిథితో రోజు ఎంచుకోండి, గంట మాత్రం టైడ్ టేబుల్ చూసే ఖాయం చేసుకోండి. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు తీరంలోని రేవులకు పోటు వేళలు ముందుగానే లెక్కకట్టి ఇస్తారు. కాకినాడ పేరుతో ఫోన్‌లో వెతికినా దొరుకుతాయి. అవి సముద్రపు ఒడ్డు వేళలు. అడవి లోపలి కాలువల్లో కొంత ఆలస్యంగా వస్తుంది, దానికి కాస్త జాగా వదలండి.

ఏ నెలల్లో?

నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. వలస పక్షులు ఉంటాయి, ఎండ భరించొచ్చు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ తుపాన్ల నెలలు కూడా కాబట్టి బయల్దేరే ముందు వాతావరణ హెచ్చరికలు చూడండి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క మామూలుగా ఉండదు. చెమట ఆరదు, గాలి ఆడదు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా గోదావరి ఎర్రనీరు దిగుతుంది. అడవి పచ్చగా ఉంటుంది గానీ జీవాలు తక్కువ కనిపిస్తాయి.

పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య నాడు మాత్రం అడవి కోసం వెళ్లకండి. ఆ రోజు చొల్లంగి దగ్గర సముద్ర స్నానానికి జనం పోటెత్తుతారు, సప్తసాగర యాత్ర అక్కడే మొదలవుతుంది. స్నానం కోసమే అయితే వెళ్లండి, అది చూడాల్సిందే. పక్షుల కోసమైతే ఇంకో రోజు చూసుకోండి.

ఎలా చేరాలి?

రైల్లో అయితే సామర్లకోటలో దిగి కాకినాడ రండి, దగ్గరే. కొన్ని రైళ్లు నేరుగా కాకినాడ టౌన్‌కే వస్తాయి. విమానంలో అయితే రాజమండ్రి. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు పట్టుకుంటే అరగంటలోపే చొల్లంగిపేట, ఎడమ చేతి పక్కన అభయారణ్యం గేటు. యానాం బస్సు ఎక్కి "మడ అడవుల దగ్గర దింపండి" అంటే కండక్టర్‌కి అర్థమవుతుంది. ఆటోలో వెళ్తే తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడేసుకోండి.

పేరు దగ్గర కంగారు పడొద్దు. ఊరిని కోరంగి అంటారు, అభయారణ్యాన్ని కోరింగ అనీ కోరంగి అనీ రెండు రకాలుగా రాస్తారు. ఒకప్పుడు ఇది పెద్ద ఓడరేవు. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన మన కూలీలని రంగూన్‌లో 'కొరంగీలు' అనేవాళ్లు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకో ఉప్పెన వచ్చి రేవుని తుడిచిపెట్టేశాయి. తుపానుకి 'సైక్లోన్' అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ రాసినవాటిలో ఈ కోరంగి ఉప్పెన ప్రస్తావన ఉంది. ఇప్పుడు కాకినాడకీ సముద్రానికీ మధ్య పొడుగ్గా పడుకున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, ఈ మడ అడవి కలిసి గాలినీ అలనీ కొంత అడ్డుకుంటున్నాయి.

ఏం తీసుకెళ్లాలి?

బైనాక్యులర్స్ ఉంటే సరే. లేకపోతే కొనక్కర్లేదు, వంతెన కింద కనిపించేవన్నీ రెండు గజాల దూరంలోనే. పాతబడిన, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. హవాయి చెప్పులు వద్దు. రెండోసారి వెళ్లినప్పుడు వంతెన అంచున వంగిన మా బావమరిది చెప్పు బురదలో పడింది. అది ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. బట్టలు ఆకుపచ్చో, మట్టిరంగో అయితే మంచిది. తెలుపు, ఎరుపు చూస్తే కొంగలు ముందే లేచిపోతాయి. తలకి టోపీ, ఒంటికి పొడుగు చేతులు. సాయంత్రం దాకా ఉండేట్టయితే దోమల క్రీమ్ తప్పనిసరి. మడ దోమకి మొహమాటం తెలీదు.

మంచినీళ్లు స్టీల్ సీసాలో తెచ్చుకోండి. చిప్స్ ప్యాకెట్లు కారులోనే వదిలేయండి. వంతెన మీద నుంచి ఎగిరిన కవరు పోటుతో లోపలికి వెళ్తుంది, ఆటుతో వేళ్లకి చుట్టుకుంటుంది, ఇక బయటికి రాదు. ఆటు వేళ చూస్తే మీకే తెలుస్తుంది, గుట్కా ప్యాకెట్ల దండలు వేసుకున్న చెట్లున్నాయి అక్కడ.

గేటు దగ్గర

టికెట్ తీసుకునేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి. ఈ రోజు బోటు ఉందా, ఎన్నింటికి? గేటు ఎన్నింటికి మూస్తారు? రేట్లు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కుంటే ఇంకా నయం. మీరు ఎంచుకున్న ఆటు వేళ గేటు వేళలో పడకపోతే ఇంత లెక్క వేసుకునీ లాభం లేదు.

ఆ తర్వాత బోటు ముందా, నడక ముందా అన్న ప్రశ్న వస్తుంది. అందరూ ముందు నడిచి, అలిసిపోయాక బోటెక్కుతారు. నేను తిరగేసి చెప్తాను. బోటుకి నీళ్లు కావాలి, నడకకి బురద కావాలి. కాబట్టి పోటు నిండి గంట, రెండు గంటలు అయ్యాక చేరుకోండి. అప్పుడు కాలువ నిండుగానే ఉంటుంది, బోటు హాయిగా వెళ్తుంది. మీరు దిగేసరికి నీళ్లు లాగడం మొదలై, వంతెన మీదికి వచ్చేసరికి బురద బయటపడుతూ ఉంటుంది. పౌర్ణమి నాడైతే పదిన్నరకి బోటు, పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా నడక. మరీ ఆటు వేళ బోటంటే చిన్న కాలువల్లోకి పోలేరు, పోతే అడుగు బురదకి తగిలి ఆగిపోతారు.

బోటులో లైఫ్ జాకెట్ వేసుకోండి. ఉక్కగా ఉందని భుజాన వేలాడదీయడం కాదు, బకిల్ పెట్టాలి. బోటు నడిపే ఆయన్ని "ఎక్కడన్నా ఇంజిన్ ఆపి కాసేపు వదిలేస్తారా?" అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఇంజిన్ ఆగిన అయిదు నిమిషాల్లో కనిపించేవి, ఇంజిన్ మోగుతున్న అరగంటలో కనిపించవు. ఇక సెల్ఫీల కోసం అందరూ ఒకే పక్కకి చేరకండి, అంతే.

నీళ్లు తీశాక వంతెన మీద

ఇక్కడ తొందరపడొద్దు. నేనైతే వంతెన మొత్తం నడవను. జనం తక్కువున్న మలుపు ఒకటి చూసుకుని, కమ్మీకి మోచేతులు ఆనించి పావుగంట కదలకుండా నిలబడతాను. మీరు వచ్చినప్పుడు కింద బురద ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి అందరూ మీ అడుగుల చప్పుడుకి కలుగుల్లో దూరారు. మూడు నిమిషాలకి ఒక కలుగులోంచి రెండు కళ్లు పుల్లల్లా పైకి లేస్తాయి. తర్వాత పీత బయటికి వస్తుంది. బొటనవేలి గోరంత ఒళ్లు, అందులో మగదానికి ఒక డెక్క, అంటే పట్కారు లాంటి ముందు కాలు, మాత్రం ఒంటికన్నా పెద్దది. ఆ డెక్కని పైకెత్తి దించుతూ ఉంటుంది, పెళ్లిపందిరి ముందు నిలబడి "దయచేయండి దయచేయండి" అన్నట్టు. అది ఆడపీతలకి పిలుపు, పక్క కలుగు మగవాడికి బెదిరింపు. రెండో చిన్న డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకుని, అందులో తినాల్సింది తిని, మిగిలింది ఉండ చేసి పక్కన పెడుతుంది. ఆడదానికి రెండు డెక్కలూ చిన్నవే. రెండు చేతులా తింటుంది. మగవాడికి తినడానికి ఒకటే.

ఈలోపు వేళ్ల మధ్య ఏదో గెంతుతుంది. కప్ప అనుకుంటారు. చేప. తల మీద గుండ్రటి కళ్లు, ముందు రెక్కలే చేతుల్లా ఆనించి బురద మీద నడుస్తుంది, తోకతో ఒక్క తోపు తోసి గెంతుతుంది. దవడల పక్కన నీళ్లు పట్టి ఉంచుకుని, తడి చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టే ఇలా బయట తిరగగలుగుతుంది. రెండు ఎదురుపడితే వీపు మీద రెక్కని జెండాలా లేపి కొట్లాడుకుంటాయి. మా చిన్నాడికి ఆ రోజు దొరికిన సమాధానం ఇదే. పులి కనిపించినా అంత సంతోషపడేవాడు కాదేమో.

ఇప్పుడు చెట్లు చూడండి. ఇక్కడ రకరకాల చెట్లుంటాయి, వాటిలో ఒక రకం పేరే మడ. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి ఆ మడ చెట్ల వేళ్లు. బురదలో గాలి ఆడదు, అందుకని వేళ్లే పైకి వచ్చి గాలి తీసుకుంటాయి. మడ ఆకు వెనక్కి తిప్పి చూస్తే, ఎండ బాగా కాసిన రోజున సన్నగా మెరుస్తూ ఉంటుంది. వేలితో రాసి నాలుకకి తగిలించుకోండి, ఉప్పు. వేళ్లతో తాగిన ఉప్పునీటిలో ఎక్కువైన ఉప్పుని చెట్టు ఇలా ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది. ఆకు తుంపకండి, కొమ్మనున్నదాన్నే తిప్పి చూస్తే చాలు.

ఆకు రాసి రుచి చూడటం మడ చెట్టుకి మాత్రమే. తిల్ల చెట్టు దగ్గర ఆ పని చేయకండి. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. రాలే ముందు దీని ఆకులు ఎర్రబడతాయి, చూడ్డానికి అందంగా ఉంటుంది, పిల్లలు తుంపబోయేది కూడా దాన్నే. ఏది మడో ఏది తిల్లో తెలియకపోతే అక్కడి సిబ్బందిని చూపించమనండి. చూపించేవాళ్లు లేకపోతే ఏ ఆకూ ముట్టుకోకండి. పొరపాటున పాలు తగిలితే మంచినీళ్లతో బాగా కడిగి, కంట్లో అయితే వెంటనే కాకినాడ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గొడుగు ఊచల్లా వంకర వేళ్లు దించినది ఉప్పుపొన్న. దాని కొమ్మలకి మునక్కాడల్లా వేలాడేవి కాయలు కావు, మొలకలు. గింజ చెట్టు మీదే మొలకెత్తి, బరువెక్కాక కిందికి జారుతుంది. ఆటు వేళ పడితే బురదలో గుచ్చుకుని అక్కడే నాటుకుంటుంది, పోటు వేళ పడితే తేలుతూ ఇంకో ఒడ్డు వెతుక్కుంటుంది. తిథులు మనకే కాదు, దానికీ పట్టింపే.

పక్షులు, జంతువులు

1978లో ఈ 235 చదరపు కిలోమీటర్ల మేరని అభయారణ్యంగా ప్రకటించారు. గౌతమి గోదావరి పాయలు, గాడేరు, మట్లపాలెం కాలువ అన్నీ ఇందులోనే సముద్రానికి దారి వెతుక్కుంటాయి. మనం చూసేది అందులో గుప్పెడు. కాబట్టి ఫలానాది చూస్తాను అని పట్టుబట్టి వెళ్లకండి.

దాదాపు ప్రతిసారీ కనిపించేవి: తెల్లకొంగలు, నారాయణ పక్షి, నీటికాకులు, తెల్ల తల మీద ఇటుక రంగు ఒంటితో గరుడ పక్షి. లకుముకి పిట్టల్లో నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే రకం ఒకటి ఉంది, నీలం వీపు, ఎర్ర ముక్కు. చలికాలంలో కాలువ మీదికి వంగిన కొమ్మలు ఒక్కొక్కటే వెతకండి, దొరుకుతుంది. దూరం నుంచి వచ్చిన ఉల్లంకి జాతి పిట్టలు బురద మేటల మీద గుంపులుగా మేస్తాయి. కొడవలిలా కిందికి వంగిన పొడుగు ముక్కున్నది కనిపిస్తే ఆగి చూడండి. ఆ ముక్కు పూర్తిగా బురదలోకి దించి లోపలి పురుగుని పట్టి లాగుతుంది. కింది ముక్కు పైదానికన్నా పొడుగ్గా ఉండి, ఎగురుతూనే నీటిని గీసుకుంటూ పోయే నారింజ ముక్కు పక్షి కూడా చలికాలంలో కాకినాడ అఖాతం వైపు వస్తుంది. అదృష్టం ఉంటే తప్ప వంతెన దగ్గర కనిపించదు.

ఇక బావురుపిల్లి. నీటిపిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లికి రెండింతలు, బూడిద రంగు మీద నల్ల చుక్కలు, పొట్టి తోక. నీళ్లలో దూకి చేపలు పట్టే పిల్లి ఇది. కోరింగ పేరు దేశంలో వినిపించేది ఎక్కువగా దీని వల్లే. నిజం చెప్పాలంటే మీకు కనిపించదు. అది రాత్రి తిరిగేది, మనం పగలు తిరిగేవాళ్లం. నేనూ ఇప్పటిదాకా పాదముద్రలే చూశాను. అవి కూడా తక్కువేం కాదు. పొద్దున్నే ఆటు ఉన్న రోజు, జనం రాకముందు కాలువ అంచు బురద మీద గుండ్రటి గుర్తులు వరసగా నీటి దాకా వచ్చి ఆగిపోయి ఉంటాయి.

నీటికుక్కలు నయం, పగలు కూడా తిరుగుతాయి. నాలుగైదు కలిసి ఈదుతూ, తలలు పైకి పెట్టి ఈలల్లాంటి కూతలు కూసుకుంటాయి. అవి లేకపోయినా అవి వచ్చిన గుర్తు దొరుకుతుంది. గట్టు మీద ఎత్తైన చోట చేప పొలుసులు, పీత పెంకు ముక్కలు కలిసిన పెంట కుప్ప కనిపిస్తే అది వాళ్ల అడ్డా. ముట్టుకోకుండా దూరంగా నిలబడి కాసేపు చూడండి, తిరిగొస్తాయేమో. రొయ్యల చెరువుల వాళ్లకి మాత్రం వీటి మీద పీకల దాకా కోపం. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

తాబేళ్ల కోసం అడిగేవాళ్లున్నారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు హోప్ ఐలాండ్ ఇసుకలో జనవరి తర్వాత గుడ్లు పెడతాయి. అది వేరే ప్రయాణం, వేరే బోటు, అటవీశాఖని అడగకుండా వెళ్లే చోటు కాదు. రెండూ ఒక్కరోజులో కుదించకండి.

గాలం మాటేంటి?

చాలామంది గాలం కర్ర కారులో వేసుకుని వస్తారు. అభయారణ్యంలో గాలం వేయొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షిత ప్రాంతం, మనలాంటి సందర్శకులు సరదాకి చేపలు పట్టే చోటు కాదు. పీతలు ఏరడం, గవ్వలు జేబులో వేసుకోవడం కూడా అంతే. అక్కడ వల వేసే వాళ్లని చూపించి "వాళ్లకో న్యాయం మాకో న్యాయమా?" అనకండి. వాళ్ల తాతల నుంచి అదే బతుకు, మనకి అది ఆదివారం.

చేపలు పట్టడం ఎలాగో చూడాలంటే మాత్రం ఇంతకన్నా మంచి చోటు లేదు. పోటు తిరిగే వేళ కాలువలో చిన్న నావ మీద విసురువల వేసేవాళ్లు కనిపిస్తారు. వల అంచు ఒక మడత పళ్లతో పట్టుకుని, మిగతాది మోచేతి మీద సర్దుకుని, నడుము తిప్పి వదిలితే నీటి మీద గుండ్రంగా చాప పరిచినట్టు పడుతుంది. అంచున కట్టిన సీసపు గుళ్లు ఒకేసారి నీటిని తాకాలి. ఒక పక్క ముందు పడిందా, చేపలు రెండో పక్క నుంచి జారిపోతాయి. ఫొటో తీసే ముందు ఒక చెయ్యెత్తి అడగండి. దగ్గరికి వెళ్లి మాట్లాడితే పోటు, ఆటుల గురించి నేను ఇంత రాసిందంతా రెండు ముక్కల్లో చెప్పేస్తారు.

చేపల రేవు చూడాలంటే తెల్లవారకముందే కాకినాడ కుంభాభిషేకం రేవుకి వెళ్లండి, తర్వాత అడవికి రావచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేటకి సెలవు, అప్పుడు రేవు బోసిగా ఉంటుంది. వానాకాలంలో వచ్చారంటే పులస. సముద్రంలోంచి గోదావరికి ఎదురెక్కి వచ్చే చేప, యానాం నుంచి పైకి దొరుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు, ధర విన్నాక ఆ సామెత ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఒడిశా నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో ఐస్‌లో వచ్చిన చేపని కూడా పులసేనని అమ్ముతుంటారు. తెలిసినవాళ్లు పక్కన లేకుండా కొనకండి. పండుగప్ప, మండపీత అయితే కాస్త ధైర్యంగా బేరమాడొచ్చు.

పండుగప్ప కొంటే మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి. ఐస్ పెట్టె లేకపోతే పెద్ద చేప కొనకండి, హైదరాబాద్ చేరేసరికి కారే చెప్తుంది. మండపీతలకి ఐస్ అక్కర్లేదు, తడి గోనెసంచిలో చుట్టి నీడన పెడితే ప్రాణంతోనే వస్తాయి. బరువైనది చూసి తీసుకోండి. సైజు పెద్దదై చేతికి తేలిగ్గా తగిలిందంటే లోపల మాంసం లేదన్నమాట, ఈమధ్యే పెంకు మార్చుకుని ఉంటుంది. డెక్కలు తాడుతో కట్టి ఇస్తారు. పిల్లలు ఎంత బతిమాలినా ఆ తాడు దార్లో విప్పకండి.